మడత మీద రాసిన మాట

కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, ఆ మడత మీద బొటనవేలి గోరును గట్టిగా లాగితే సర్రుమని ఒక చప్పుడు వస్తుంది. పెద్ద చప్పుడేం కాదు. ఫ్యాను తిరుగుతుంటే వినపడదు కూడా. ఈ పొద్దున మా ఇంట్లో కరెంటు లేదు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని గడప దగ్గర కూర్చున్నాను, వెనక నుంచి ఆ చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు సుమిత్ర మేడంది. ఆమె పోయి ఏడాది దాటింది. తిరిగి చూస్తే మా ఆయన రాజేశం, పాత క్యాలెండరులోంచి ఒక నెలను చింపి, దాని తెల్ల వైపు పైకి పెట్టి, గోటితో మడత గీస్తున్నాడు.

నిన్న సాయంత్రం ఆయనకు దుబాయి నుంచి ఫోను వచ్చింది. పాత కంపెనీ మళ్లీ రమ్మంటోంది. అదే లారీ, అదే ఉద్యోగం. వస్తాడో రాడో ఇవాళ చెప్పాలి. అన్నం తింటున్నంతసేపూ ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు కాగితాన్ని నా వైపు జరిపి, "నేను పోతె ఏమైతదో రాసి చూద్దాం. బలహీనతల గడి నువ్వే చెప్పాలె. నేను నడుమ మాట్లాడ," అన్నాడు. ఈ పద్ధతి మేడం పెట్టింది. ఆమె నుంచి నాకు, నా నుంచి ఆయనకు అంటుకుంది. "జర చాయ్ తాగనియ్యి," అన్నాను. నిజానికి చాయ్ ఎప్పుడో అయిపోయింది. ఖాళీ గ్లాసు పట్టుకుని ఆమె గురించే ఆలోచిస్తున్నాను.

ఆమె నాకు చుట్టమూ కాదు, చిన్నప్పటి బడిపంతులమ్మా కాదు. కరీంనగర్‌లో చిన్న వ్యాపారాలు పెట్టుకోవాలనుకునే వాళ్లకు పాఠాలు చెప్పే ఒక శిక్షణ కేంద్రంలో పనిచేసేవారు. నేను అక్కడికి ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్తాను. మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. పసుపు పండిస్తాం, ఉడకబెడతాం, ఎండబెడతాం, కొమ్ములు అమ్ముకుని మళ్లీ దుకాణంలో పసుపు ప్యాకెట్ కొనుక్కొస్తాం. పెళ్లయి వచ్చిన కొత్తలోనే నాకు ఇది చూసి నవ్వొచ్చింది. అప్పటికే రాజేశం దుబాయికి పోయాడు, లారీ డ్రైవరుగా. ఇంట్లో నేనూ మా అత్తమ్మా మిగిలాం. కొన్నేళ్లు గడిచాక ఒకరోజు ఫోనులో అన్నాడు: "కంపెనీ మళ్ల సంతకం పెట్టుమంటుంది. నువ్వు గిర్ని పెడ్తా అంటున్నవు గద. అది నడుస్తదనుకుంటె చెప్పు, వచ్చేస్త. నడువదనుకుంటె సంతకం పెడ్త." గిర్ని అంటే పిండి, పసుపు పట్టే మర. అది నడిస్తే మనిషి ఇంటికొస్తాడు, లేకుంటే రాడు. అంత సూటిగా ఉండేది నా లెక్క. బ్యాంకుకు పోతే ప్రాజెక్టు రిపోర్టు తెమ్మన్నారు. అందులో స్వాట్ అని ఒక పేజీ ఉండాలట. ఆ పేజీ రాయడం నేర్చుకోవడానికి నేను కరీంనగర్ బస్సెక్కాను.

మొదటి రోజు మేడం క్లాసులోకి వచ్చి బోర్డు మీద ఏమీ రాయలేదు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. నడక వేగం. గొంతు మాత్రం తీరుబడిగా ఉండేది. అందరికీ తలో తెల్ల కాగితం ఇచ్చి, మడిచి గోటితో గీయమన్నారు. గదంతా సర్రుసర్రుమంది. విప్పితే నాలుగు గడులు. "మీదివి రెండు బలం, బలహీనత. కిందివి రెండు అవకాశం, ముప్పు. అడ్డం మడత ఉంది చూడుండ్రి, గది మీ ఇంటి గడప. గడప లోపలిది మన చేతిల ఉంటది. గడప అవతలిది మన చేతిల ఉండది. ఏది లోపలిదో ఏది బయటదో తెలుసుకుంటె సగం వచ్చినట్టే. మిగిలిన సగం, నిజం రాసుడు." అంతే ఆమె పాఠం. రాయండి అని కిటికీ దగ్గర నిలబడ్డారు.

నేను గబగబా రాసేశాను. నాకు రాయడంలో ఎప్పుడూ ఆలస్యం లేదు, మాట్లాడటంలో అసలే లేదు. బలాలు: మంచి పసుపు, నోటి ధైర్యం, భర్త దుబాయిలో ఉండుట. బలహీనతలు: పెట్టుబడి లేదు. అవకాశాలు: జైనూరు దిక్కు కొండల ఊళ్లలో పసుపు ప్యాకెట్లు అమ్మేవాళ్లు లేరు. ముప్పులు: నరదిష్టి. రాసి, అందరికన్నా ముందు చెయ్యెత్తాను. మేడం వచ్చి నా కాగితం తీసుకుని గట్టిగా చదివారు. నరదిష్టి దగ్గరికి రాగానే క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"ఎవ్వల దిష్టి?" అన్నారు.

"మా వాడకట్టుల గంగారాంది మేడం. ఆయనకు పిండి గిర్ని ఉంది. నేను గిర్ని పెడ్తున్న అని తెలిసినప్పటిసంది మా ఇంటి దిక్కే చూస్తుండు."

"ఊకె చూసుడేనా?"

"పట్టుడు ధర తగ్గించిండు. పసుపుకు ఇంకో మిషిని తెస్త అంటుండట."

"అయితె గది దిష్టి గాదు పద్మా, పోటీ. దిష్టికైతె నిమ్మకాయ కడ్తవు. పోటీకి ఏం కడ్తవు?"

ఆమె నరదిష్టి అన్న మాట కొట్టేయలేదు. దాని పక్కన గంగారాం పేరు రాయించి, అతను ఏమేం చేస్తున్నాడో కింద రాయించారు. నేను రాసిన పిచ్చిమాటలోంచి పనికొచ్చే మాట ఒకటి బయటికి తీశారు. మంది నవ్వే చోట ఆమెకు ప్రశ్న పుట్టేది. ఆ గుణం నాకు అంతకు ముందు ఎవరిలోనూ కనపడలేదు.

తర్వాత బలాల దగ్గరికి వచ్చారు. "భర్త దుబాయిలో ఉండుట. ఇది బలమెట్ల?" అన్నారు. నెలనెలా పంపుతాడు అన్నాను. "గిర్ని దేనికి పెడ్తున్నవు?" అంటే ఆయన ఇంటికి రావాలని అన్నాను. "అంటె నీ బలం పోవాలని నువ్వే గిర్ని పెడ్తున్నవు," అన్నారు. మళ్లీ నవ్వులు. నాకు మండింది. "అయితె బలహీనతల రాస్త తియ్యుండ్రి," అన్నాను. "ఎందుకు? ఏం తక్కువైంది నీకు?" అన్నారు. "ఏం తక్కువ లేదు మేడం. పొలం, అత్తమ్మ, బ్యాంకు, దవాఖాన, అన్నీ నేనే చేసుకుంట. ఎవ్వల కోసం ఏదీ ఆగలే," అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. "అట్లయితె బలహీనత గూడ గాదు. ఇది ఏ గడిదో నాకు తెల్వది. నీకు తెలిసిననాడు గడిల రాసుకో. అప్పటిదాక మడత మీద ఉండనియ్యి," అన్నారు. నేను ఆ మాటను బలాల్లోంచి కొట్టేసి, రెండు గడుల మధ్య మడత మీద నిలువుగా రాసుకున్నాను. పంతులమ్మకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని లోపల గొణుక్కున్నాను.

ఆమెతో బయటికి పోవడం ఒక తమాషా. బస్టాండులో చాయ్ తాగుతూ చాయ్ అమ్మేవాణ్ణి, "నీకు దేనికి భయం?" అని అడిగేవారు. అతను ముందు బిత్తరపోయేవాడు, ఆ తర్వాత ఆలోచించి, "ఎండకాలానికి మేడం. ఎవ్వలు చాయ్ తాగరు," అనేవాడు. "ఆణఖీ కాయ్?" అనేవారు. మేడంది ఆదిలాబాద్ జిల్లా, అక్కడి వాళ్లకు మరాఠీ నాలుక మీదే ఉంటుంది. ఇంకేంది అని దాని అర్థం. చాలాసార్లు "ఆణఖీ?" అని ఒక్క మాటతోనే సరిపెట్టేవారు. మొదటిసారి అడిగితే మనుషులు పైపై మాట చెప్తారు. రెండోసారి అడిగితే కొంచెం ఆలోచిస్తారు. మూడోసారికి వాళ్లకే తెలియని మాట ఏదో బయటికొస్తుంది. చాయ్ అతను మూడోసారికి, "ఈ బస్టాండును వేరే తావుకు మారుస్తరంటున్నరు మేడం, గదే నా అసలు ఫికర్," అన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది, పోగొట్టుకున్న వస్తువేదో దొరికినట్టు.

నా అవకాశాల గడి మీద ఆమెకు మొదటి నుంచీ అనుమానమే. "జైనూరు దిక్కు ప్యాకెట్లు అమ్మరని రాసినవు. ఎందుకు అమ్మరు?" అన్నారు. తెలియదు, మా ఊరి లారీ అతను చెప్పాడు అన్నాను. "నాది జైనూరే. మా అన్న ఆడనే ఉంటడు. ఆదివారం పోతున్న, వస్తవా?" అన్నారు. ఆమె కరీంనగర్ నుంచి మెట్‌పల్లి దాకా వస్తే, నేను అక్కడ బస్సెక్కి కలిశాను. ఖానాపూర్ మీదుగా ఉట్నూరు దాటాక ఘాట్ రోడ్డు, రెండు పక్కలా టేకు చెట్లు. దారి పొడుగునా నేను నా బ్రాండు పేరు, ప్యాకెట్ మీద బొమ్మ ఎట్లా ఉండాలో చెప్తూనే ఉన్నాను. ఆమె వింటూ ఉన్నారు.

జైనూరు వారం సంతలో, మా మాటలో అంగడిలో, ఒక గోండు పెద్దమ్మ పసుపు కొమ్ములు ఏరుకుంటోంది. ఒక్కొక్కటీ విరిచి లోపలి రంగు చూసి సంచిలో వేస్తోంది. పక్క దుకాణంలో పసుపు పొడి ప్యాకెట్లు వేలాడుతున్నాయి, వాటి మీద దుమ్ము పేరుకుంది. అంటే అమ్మేవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లే లేరు. మేడం పెద్దమ్మ పక్కన గొంతుక్కూర్చుని మరాఠీలో మాట్లాడటం మొదలుపెట్టారు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. తర్వాత ఆమె చెప్పిందాన్ని మేడం నాకు తెలుగులో చెప్పారు: "పొడిల ఏం కలిపిండ్రో ఎవ్వలు చూసిండ్రు అంటుంది. ఇంటికి తీస్కపోయి రోట్ల దంచుకుంటదట. చేతులు గుంజుతయి గని నమ్మకం ఉంటది అంటుంది."

"అయితె నాకు అవకాశం లేనట్టే గద మేడం," అన్నాను. ఏడుపొచ్చేలా ఉంది. వాపసు పోయి ఆయనకు సంతకం పెట్టమని చెప్పాల్సిందేనా అనిపించింది.

"ఆమె ఏం అన్నదో మళ్ల చెప్పు," అన్నారు మేడం.

"పొడిని నమ్మ అన్నది."

"ఆణఖీ?"

"చేతులు గుంజుతున్నయి అన్నది."

"ఆణఖీ?"

నేను ఆమె మాటలను మొదటి నుంచి తిరగేశాను. కలిపేటప్పుడు చూడలేదు అన్నది. అంటే చూస్తే నమ్ముతుందా? ఆ ప్రశ్న నేనే పైకి అడిగాను. మేడం మళ్లీ ఆమె వైపు తిరిగి అడిగారు. పెద్దమ్మ కొమ్ము విరుస్తూ తల ఊపింది. నా కండ్ల ముందట పట్టి ఇస్తే ఎందుకు తీసుకోను అని దాని అర్థం. మేడం లేచి చీర దులుపుకుని, "ప్యాకెట్ బొమ్మ సంగతి తర్వాత చూద్దాం," అన్నారు. బస్సులో వాపసు వస్తుంటే నేను బొమ్మ గురించి ఒక్క మాట ఎత్తలేదు.

ఇక మిగిలింది బలహీనతల గడి. పెట్టుబడి లేదన్నది క్లాసులో అందరూ రాసిన మాటే. "అందరి రోగం ఒక్కటే ఉంటదా?" అని మేడం అన్ని కాగితాలూ వాపసు ఇచ్చారు. అప్పుడు చెప్పారు ఆమె పద్ధతి. "పెండ్లి సంబంధం చూసేటప్పుడు పిల్లగాని గురించి ఎవ్వలను అడుగుతరు? వాని అవ్వనా? కాకి పిల్ల కాకికి ముద్దు. ఊర్లె పదిమందిని అడుగుతరు, వానికి గిట్టనోన్ని మొదలు అడుగుతరు. మరి గిర్నికి మిమ్ముల మీరే అడుగుకుంటె ఎట్ల? ఈ గడి మీరు రాయద్దు. మీకు గిట్టనోళ్లను అడుగుండ్రి. వాళ్లు చెప్పేటప్పుడు ఎదురు మాట్లాడద్దు. ఆణఖీ అనుడు తప్ప ఇంకో మాట అనద్దు." నన్ను గంగారాం దగ్గరికి పొమ్మన్నారు. చచ్చినా పోను అన్నాను. "సరే, ఇంట్ల ఎవ్వలు లేరా గిట్టనోళ్లు?" అన్నారు. వెనక బల్ల నుంచి ఎవరో "అత్త," అన్నారు. ఈసారి మేడం కూడా నవ్వారు.

మా అత్తమ్మ లసుమవ్వకూ నాకూ పడదని కాదు. ఇద్దరికీ నోరుంది, అంతే. నేను ఇంటికి పోయి, వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె ఎదుట కూర్చుని, "అత్తమ్మా, గిర్ని పెడ్తె నాల ఏం తక్కువున్నయో చెప్పు. ఎదురు మాట్లాడ," అన్నాను. ఆమె చిక్కుడుకాయ పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఎదురు మాట్లాడవా?"

"మాట్లాడ."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గిర్ని లేకముందుకే సంచి మీద బొమ్మ గీయించుకున్నవు. గదొకటి." నేను పళ్లు బిగబట్టి, ఇంకా? అన్నాను. "నీకు నోరెక్కువ. నోరు మంచిదైతె ఊరు మంచిదైతది. బేరానికి వచ్చినోళ్లతోని కొట్లాడుతవు." ఇంకా? అన్నాను. ఆమె మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది, ఒలవకుండా చేతిలోనే తిప్పుతూ ఉండిపోయింది. "నువ్వు గిర్ని పెట్టి నా కొడుకును పిలిపిస్త అంటున్నవు. వానికి పసుపు దుమ్ము పడదు బిడ్డా. చిన్నప్పుడు డ్రమ్ముల ఏసి పసుపు తిప్పుతుంటె దమ్ము వచ్చి నీలం పడేటోడు. పసుపు పని అయ్యేదాక చొప్పదండిల మా అవ్వగారింటికి తోలేదాన్ని. గిర్నిల వాడు ఎట్ల నిలబడ్తడని నాకు పరేషాన్‌గుంది. నీకు చెప్తె కావాల్నని అడ్డం పుల్ల పెడ్తుందంటవని చెప్పలే."

రాజేశం చిన్నప్పుడు ఏటా చొప్పదండికి పోయేవాడని నాకు తెలుసు. అమ్మమ్మ గారాబం అనుకున్నాను. ఆయన కోసం పెడుతున్న గిర్నిలో ఆయనే నిలబడలేడు. ఈ మాట ఇంట్లోనే, నేను పొద్దస్తమానం కొట్లాడే మనిషి కడుపులో ఉంది. ఆ పద్ధతి లేకపోతే, నేను ఎదురు మాట్లాడి ఉంటే, బొమ్మ దగ్గరే లడాయి మొదలయ్యేది, మాట చొప్పదండి దాకా వచ్చేదే కాదు. ఆ పూట చిక్కుడుకాయలు ఇద్దరం కలిసి ఒలిచాం.

మర్నాడు కరీంనగర్‌లో మేడంకి అంతా చెప్పాను. "ఇది రాయకుంటె ఏమైతది? బ్యాంకోళ్లకు ఏం తెలుస్తది?" అని కూడా అన్నాను. ఆమెకు కోపం రాలేదు. "ఈ కాగితం బ్యాంకు కోసం అనుకుంటున్నవా?" అన్నారు. "ఆయనకు ఫోను చెయ్యి. అడుగు. ఎదురు మాట్లాడకు." బయట వేపచెట్టు కింద నిలబడి ఫోను చేశాను. పసుపు దుమ్ము సంగతి ఎత్తాను. "నువ్వు అంత ఉషారుగున్నవు. చెప్తె గిర్ని ఇడిచిపెడ్తవని చెప్పలే. ముక్కుకు బట్ట కట్టుకుందామనుకున్న," అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టాలనిపించింది కూడా. కానీ మేడం ఎదురు మాట్లాడొద్దన్నారు కాబట్టి, ఇంకా? అని మాత్రమే అన్నాను. "వచ్చినంక ఖాళీగ కూసుంటె ఊరు ఏమంటదోనని భయం." ఇంకా? "నాకు వచ్చింది బండి తోలుడొక్కటే పద్మా. గది నాకు మంచిగనిపిస్తది." ఇది మూడోసారికి వచ్చిన మాట. ఫోను పెట్టేసి లోపలికి వస్తుంటే నా తలలో గోండు పెద్దమ్మ మాటా, ఈయన మాటా పక్కపక్కన కూర్చున్నాయి.

మళ్లీ కాగితం మడిచాను. ఈసారి గబగబా రాయలేదు. బలాల్లో: భర్తకు బండి తోలడం వచ్చు. బలహీనతల్లో: భర్తకు పసుపు దుమ్ము పడదు, నాకు బేరంలో ఓపిక తక్కువ. ముప్పుల్లో: పొడిని జనం నమ్మరు, ఊళ్లో గంగారాం గిర్ని ఉంది. అవకాశాల్లో: కండ్ల ముందట పడితే నమ్ముతారు. రాసి చూస్తే ఆ నాలుగు గడులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది. ఊళ్లో కదలకుండా ఉండే గిర్ని కాదు, ట్రాలీ ఆటో మీద గిర్ని. వెనకాల పట్టేది నేను, ముందర తోలేది ఆయన. గంగారాంతో పోటీ లేని అంగళ్లకు పోతాం. మేడం చదివి బరోబర్ అన్నారు. ఆమె నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు. బ్యాంకు ఆఫీసరు మాత్రం ఆ పేజీ చదివి, "ఇంటి విషయాలు ఇందులో ఎందుకమ్మా, ఈ దుమ్ము సంగతి తీసెయ్యరాదూ," అన్నాడు. అది తీసేస్తే బండి ఎందుకో అర్థం కాదు సార్ అన్నాను. ఆయన మళ్లీ మొదటి నుంచి చదివాడు. లోను వచ్చింది. రాజేశం సంతకం పెట్టలేదు, విమానం ఎక్కాడు.

మా బండి మొదటిసారి జైనూరు అంగడికి పోయిన రోజు మేడం వచ్చారు. అప్పటికి ఆమె ఉద్యోగం అయిపోయి అన్న ఇంటికి చేరారు. రాజేశం గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, దుమ్ము తన మీదికి రాకుండా బండిని తిప్పి ఆపాడు. మేడం ఆ ఆపడాన్ని శ్రద్ధగా గమనించారు. బండి చుట్టూ తిరిగి ప్రతిదీ ముట్టి చూశారు. తర్వాత ఆయన దగ్గరికి పోయి, "నీకు దేనికి భయం?" అన్నారు. ఆయన నా వైపు వేలు చూపించాడు. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను మొదటిసారి చూశాను. అప్పుడు నాకు ఒక ప్రశ్న తోచింది. "మీకు దేనికి భయం మేడం?" అన్నాను. ఆమె ఉలిక్కిపడ్డట్టు చూశారు. ఆమెను ఎవరూ ఆ మాట అడిగినట్టు లేరు. "ఒకనాడు పొద్దున లేచేసరికి ఇగ అడిగేది ఏం లేదు అనిపిస్తదేమోనని," అన్నారు. ఆణఖీ? అన్నాను. "గంతే," అని, పసుపు పట్టించుకుంటున్న వాళ్లతో మాట్లాడటానికి అటు నడిచారు.

ఆ తర్వాత ప్రతి అంగడికీ వచ్చేవారు. రావడం మానేశాక ఒంట్లో బాగాలేదని తెలిసింది. మంచంలో ఉండి కూడా, మందులిచ్చే నర్సును ఆమె ఊరి గురించి, పని గురించి అడుగుతూనే ఉన్నారని మేడం అన్న చెప్పాడు. ఆమె పోయారని తెలిసిన రోజు నేను బండి తీయలేదు. చాలా ఏడ్చాను. నా సొంత మనుషులు పోయినప్పుడు కూడా అంత ఏడ్చానో లేదో. భయపడ్డ ఆ పొద్దు ఆమెకు రాలేదు కదా అన్నదొక్కటే ఓదార్పు.

గ్లాసు కింద పెట్టి లేచి వచ్చి రాజేశం ఎదురుగా కూర్చున్నాను. ఆయన పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "రాసుకో," అన్నాను. "నువ్వు పోతె బండి తోలెటోడు దొరకడు." రాశాడు. "ఆణఖీ?" అన్నాడు. మరాఠీ మాట మా ఆయన నోట్లో కొంచెం వంకరగా పలుకుతుంది. "దొరికినా గాలి చూసి బండి ఆపుడు వానికి తెల్వది." అదీ రాశాడు. "ఆణఖీ?"

నేను కాగితం వైపు చూశాను. బలానికీ బలహీనతకూ నడుమ ఆ నిలువు మడత. ఆనాటి నా కాగితంలో ఆ మడత మీద 'భర్త దుబాయిలో ఉండుట' అన్న మాట ఇన్నేళ్లుగా నిలబడే ఉంది. అన్నీ నేనే చేసుకుంటా, ఎవరి కోసం ఏదీ ఆగలేదు అని క్లాసు నిండా వినపడేలా చెప్పిన నోరు నాది. అదే నోటితో ఇప్పుడు ఇంకో మాట చెప్పాలి.

"నువ్వు లేకుంటె నాకు చేతగాదు," అన్నాను. "పని గాదు. పనైతె చేసుకుంట. నువ్వు లేని ఇల్లు నాకు చేతగాదు. అప్పుడు గూడ చేతగాలే."

రాజేశం నోరు తెరిచాడు. మాట్లాడకూడదని గుర్తొచ్చి మూశాడు. తల వంచి, ఆ మాటను మొత్తం, ఒక్క అక్షరం పోకుండా బలహీనతల గడిలో రాశాడు.

"ఆణఖీ?" అన్నాడు మెల్లగా.

"గంతే."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. "మిగిలిన గడులు రాసేదేం లేదు ఇగ," అని కాగితాన్ని ఆ మడతల మీదే మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. దుబాయికి ఫోను చేసి, రానని రెండు మాటల్లో చెప్పేశాడు. తర్వాత మేకుకు వేలాడుతున్న ట్రాలీ తాళంచెవి తీసుకుని, గాలి ఎటు ఉందో చూడటానికి వాకిట్లోకి పోయాడు. ఇవాళ జైనూరు అంగడి. కొమ్ముల సంచి నేను మోసుకొచ్చేలోపు బండి స్టార్ట్ చేసి ఉంచాడు.